పైవాళ్ల పైపు పగిలింది, మన పాలసీ పలుకుతుందా?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాట్. దసరాకి మా అత్తగారి ఊరు వెళ్లొచ్చేసరికి పై ఫ్లాట్‌లో వాష్‌బేసిన్ కింద పైపు పగిలి, నీళ్లన్నీ మా హాల్లోకి, బెడ్‌రూమ్‌లోకి దిగాయి. ఫాల్స్ సీలింగ్ ఊడిపడింది. టీవీ, పరుపులు పోయాయి, వార్డ్‌రోబ్ ప్లైవుడ్ ఉబ్బిపోయింది. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది. కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి, బాత్రూమ్ గోడ చూసి, ‘ఇది పాత చెమ్మ, క్లెయిమ్ రాదు’ అని వెళ్లిపోయారు. ఆ గోడకి చెమ్మ ముందునుంచీ ఉన్న మాట నిజమే. పైవాళ్లేమో పదిహేను వేలిస్తాం, ఇక ఏమీ అడగమని సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం ఆపండి. కంపెనీ మీకు డబ్బు కట్టాక, తప్పు చేసినవాళ్ల దగ్గర దాన్ని రాబట్టుకునే హక్కు కంపెనీకి వస్తుంది. మీరు ముందే ‘ఏమీ అడగం’ అని రాసిచ్చేస్తే, క్లెయిమ్ కాదనడానికి కంపెనీవాళ్లు దాన్నే సాకుగా చూపిస్తారు.

సర్వేయర్ నోటిమాట తీర్పు కాదు. ఆయన రిపోర్టు ఇస్తాడంతే. ఇవ్వాలో వద్దో తేల్చేది కంపెనీ. అదీ కాగితం మీద, ఏ షరతు ప్రకారం కాదంటున్నారో రాసి మరీ చెప్పాలి. రిపోర్టు కాపీ అడగండి.

మీ పాలసీలో నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల జరిగే నష్టం ఉంది. ఏళ్లతరబడి ఊరే చెమ్మ లేదు. గొడవంతా ఈ రెంటి మధ్యే. సర్వేయర్‌గా ఇళ్లు తిరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, గోడే చెప్పేస్తుంది ఏది ఏదో. పాత చెమ్మ అయితే గోధుమరంగు మరకలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా ఉంటాయి. రంగు పెచ్చులూడుతుంది, తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఒక్కసారిగా పడ్డ నీళ్లకి జిప్సం బోర్డు బరువెక్కి వంగి విరుగుతుంది. మీ హాలు సీలింగ్ ముక్కలు పారేయకండి. పరుపులు, టీవీ కూడా పాత సామాన్లవాడికి వేసేయకండి. పైవాళ్ల పైపు బాగుచేసిన ప్లంబర్ దగ్గర తేదీతో బిల్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. వాచ్‌మన్ గేట్‌వాల్వ్ కట్టేసిన రోజు ఎవరికైనా వాట్సాప్‌లో ఫొటో పంపి ఉంటే దానికి మించిన సాక్ష్యం లేదు.

ఇక బాత్రూమ్ గోడ. దాన్ని మీరే క్లెయిమ్‌లోంచి తీసేయండి. ‘ఈ గోడ పాతది, అడగడం లేదు. హాలు, బెడ్‌రూమ్ మాత్రమే అడుగుతున్నాం’ అని రాసివ్వండి. దీనికి చాలామంది ఒప్పుకోరు, పనిలో పనిగా అదీ బాగుపడుతుందని ఆశ. ఆ కక్కుర్తి వల్లే హాలు మీద కూడా అనుమానం వస్తుంది.

సీలింగ్, బిగించిన వార్డ్‌రోబ్ ఇంటి లెక్కలోకి వస్తాయి. ఇంటికి పాలసీ ఉంటే సామాన్లకి కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే ఉంటుంది. కాబట్టి టీవీ, పరుపులు రాయడం మరచిపోకండి.

కంపెనీ కాదంటే దాని ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో తేల్చకపోయినా, మళ్లీ కాదన్నా, ఏడాదిలోగా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 సెప్టెంబరులో మున్నేరు మా ఇంట్లోకి వచ్చింది. హోమ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ కట్టించారు. మళ్లీ వరదొస్తే అది చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: లోన్‌తో అంటగట్టేవాటిలో ఎక్కువ భాగం మీ ప్రాణానికి చేసే బీమా. మీకేమైనా అయితే అప్పు తీరుతుంది, వరదకి పైసా రాదు. బ్యాంకుకి వెళ్లి పాలసీ కాపీ చేతికి తీసుకోండి. ఇంటిదే అయితే, లోపల సామాను రాసి ఉందా, అప్పు వరకే చేశారా చూడండి.