పసితనంలోనే పోయిన పూర్వికుల బిడ్డ ఆనవాళ్లు ఎలా వెతకాలి?

"మా తాతగారి కంటే ముందు పుట్టిన బిడ్డ ఏడాది తిరగకుండానే పోయిందట. ఆ బిడ్డ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయా?" అని అడిగారు. దొరకవచ్చు. కాని పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. బారసాలకు ముందే పోయిన బిడ్డకు పేరే ఉండదు. ఇప్పటి 1969 జనన మరణాల నమోదు చట్టం కూడా పేరు లేకుండా జననాన్ని నమోదు చేయనిస్తుంది. కాబట్టి తండ్రి పేరు, ఊరు, సుమారు సంవత్సరం ఆధారంగా జనన, మరణ పుస్తకాలు రెండూ చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇందుకోసం 1899లోనే చట్టం చేశారు, అందువల్ల కోస్తా, రాయలసీమ కుటుంబాలకు పాత నమోదులపై కొంత ఆశ ఉంది. పంచాయతీ, పురపాలక, తహసీల్దారు కార్యాలయాల్లో అడగండి. రుసుము కట్టి ఎవరైనా వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. మరణ నకలులో కారణం మాత్రం తెలపరు.

తద్దినాల వరుసలో ఈ బిడ్డ కనబడదు. పసిపిల్లలను సాధారణంగా దహనం చేయక పూడ్చిపెడతారు, ఏటేటా తద్దినం పెట్టరు. ఇంటి జ్ఞాపకంలోంచి ఆ బిడ్డ జారిపోవడానికి ఇదీ ఒక కారణం.

నాకు అన్నిటికంటే విలువైన ఆధారంగా తోచేది తరువాతి బిడ్డ పేరు. పుట్టినవారు దక్కకపోతే, మృత్యువు కన్ను పడకూడదని, మరుసటి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుకునేవారు. మీ వంశవృక్షంలో అలాంటి పేరుంటే, దానికి ముందు సంవత్సరాల పుస్తకాలను తప్పకుండా చూడండి. తోబుట్టువుల మధ్య నాలుగైదేళ్ల ఎడం ఉన్నచోట కూడా అంతే శ్రద్ధగా వెతకండి.