250 పౌండ్ల స్ప్రింగా, 5 కిలోల కాయిలోవరా: ఏది గట్టిది?

కారు సస్పెన్షన్‌కు అంగుళానికి 250 పౌండ్ల స్ప్రింగ్ గట్టిదా, మిల్లీమీటరుకు 5 కిలోల కాయిలోవర్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకటిగా ఉండేది) గట్టిదా అని అమలాపురం నుంచి అడిగారు కదా, కాయిలోవరే గట్టిదండీ. ఈ అంకెలను స్ప్రింగ్ రేటు అంటారు, అంటే స్ప్రింగ్‌ను అంత దూరం నొక్కడానికి కావలసిన బరువు. పోల్చాలంటే ముందు యూనిట్లు ఒకటి చేయాలి. మిల్లీమీటరుకు 1 కిలో అంటే అంగుళానికి సుమారు 56 పౌండ్లు. 5 కిలోలంటే 280 పౌండ్లన్నమాట.

అంకె ఒక్కటే చూసి కొనకండి. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం కావాలంటే స్ప్రింగ్ రేటును మోషన్ రేషియో (చక్రం కదిలిన దూరంలో స్ప్రింగ్ ఎన్నో వంతు నొక్కుకుంటుందో ఆ నిష్పత్తి) వర్గంతో గుణించాలి. రేషియో 0.7 అయితే 280లో చక్రానికి అందేది 137 మాత్రమే. ఈ రేషియో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేరుగా ఉండొచ్చు, అందుకే ముందు స్ప్రింగ్‌ల, వెనక స్ప్రింగ్‌ల రేట్లను నేరుగా పోల్చకూడదు. ప్రోగ్రెసివ్ స్ప్రింగ్‌కైతే నొక్కేకొద్దీ రేటు పెరుగుతుంది.

కోనసీమ కాలువగట్ల రోడ్లకు నేనైతే మెత్తని స్ప్రింగే చెబుతాను. గట్టిది వేస్తే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) కూడా దానికి తగ్గట్టు ఉండాలి, లేకపోతే ప్రతి గతుకుకీ కారు ఎగురుతూనే ఉంటుంది.