కార్డు పడుతుందా అని అడిగావు కదా

అమ్మడూ,

నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, బీ660 బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్‌తో (అంటే లోపలి భాగాలకి కరెంటిచ్చే పెట్టెతో) కలిపి ఇచ్చే క్యాబినెట్. కింద ఒక్కటే ప్రశ్న, "ఈ కార్డు పడుతుందా మావయ్యా?" అని. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

స్లాటులో అయితే పడుతుంది. బోర్డు మీద పొడుగ్గా ఉండే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పాత కార్డైనా, కొత్త కార్డైనా కూర్చుంటుంది. రెండింట్లో ఏది పాతదైతే ఆ వేగంతో నడుస్తుంది, అంతే. ఇక్కడ నీకు ఏ పేచీ లేదు. కానీ పిల్లలంతా స్లాటు దగ్గరే ఆగిపోతారు. నా టెన్షనంతా ఆ ఎస్‌ఎంపీఎస్ మీద.

దాని మీద 450 అని పెద్దక్షరాలు ఉంటాయి. వాటిని చూడకు. పక్కన అంటించిన లేబుల్లో గళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో +12వి అన్న గడి వెతికి, దాని కింద ఎన్ని ఆంపియర్లో చూడు. మొన్నామధ్య నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒకదానికి అక్కడ 16 అని ఉంది. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. అంటే పైన 450, లోపల పనికొచ్చేది 192 వాట్లు! ప్రాసెసరూ, కార్డూ తినేది ఆ 12 వోల్టుల లైన్లోంచే. మిగతా అంకె 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లు కలిపి చూపించిన లెక్క.

ఇప్పుడు నీ లిస్టు లెక్క కట్టు. 3060 కార్డుకి 170 వాట్లు. 12400ఎఫ్ మీద 65 అని రాస్తారు గానీ, గట్టిగా పనిచేసేటప్పుడు 117 దాకా తీసుకుంటుంది. బోర్డు, ఫ్యాన్లు, డిస్కులకి ఓ 50 వేసుకో. మొత్తం 340 దగ్గర తేలుతుంది. ఆ కార్డు చిప్పు చేసే ఎన్విడియా వాళ్లు దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటారు, ఎందుకంటే కార్డు ఒక్కో క్షణం రాసినదానికంటే ఎక్కువ లాగేస్తుంది. నువ్వు 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో రాత్రంతా రెండర్ (బొమ్మని పూర్తిగా తయారుచేసే పని) పెట్టి పడుకుంటానంటున్నావు. ఫ్రీగా వచ్చేదాన్ని నమ్ముకుని మాత్రం పడుకోకు. క్యాబినెట్ విడిగా, మంచి కంపెనీ 550 విడిగా తీసుకో.

ఆ తర్వాత వైరు. స్లాటు నుంచి కార్డుకి అందేది 75 వాట్లే. మిగతాది 8 పిన్ల వైరుతో రావాలి, అది 150 దాకా ఇస్తుంది. ప్రాసెసర్‌కి వెళ్లే వైరూ 8 పిన్లదే, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడుతుంది, కార్డుది ఆరూ రెండుగా. దూరకపోతే బలవంతంగా తొయ్యకు.

కార్డు వైరు లేదని, హార్డ్‌డిస్కుకి కరెంటిచ్చే శాటా వైరుకి కన్వర్టర్ తగిలించే వాళ్లున్నారు. నేనూ ఒకసారి కస్టమర్ తొందర పెడుతున్నాడని అదే చేశాను. శాటా పిన్లు 12 వోల్టుల మీద మోసేది 54 వాట్లే, ఆ సంగతి నాకు అప్పుడు తెలుసు కూడా. మూడో రోజు పిలిస్తే వెళ్లాను. గది తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. కనెక్టర్ కరిగి పిన్లకి అంటుకుపోయింది. డిస్కు దక్కింది, ఆ కస్టమర్ దక్కలేదు.

పొడుగు కొలవకుండా బేగి ఆర్డరు పెట్టేయకు. మీ అమ్మ కుట్టుమిషను టేపు తీసుకుని, క్యాబినెట్ వెనకవైపు కార్డు బిగించే చోటు నుంచి ముందు ఫ్యాను బిగించే రేకు దాకా కొలువు. ఫ్యాను మందం రెండున్నర సెంటీమీటర్లు, అది మింగేశాక మిగిలిందే నీది. 3060ల్లో రెండు ఫ్యాన్లవి పొట్టిగా ఉంటాయి, మూడు ఫ్యాన్లవి కొన్ని 30 సెంటీమీటర్లు దాటతాయి. నీకు రెండు ఫ్యాన్లది చాలు. పెట్టె మీద 12 జీబీ అని ఉందో లేదో చూసుకో. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, మెమరీ దారి సన్నం, వేగం తక్కువ. రాజాం నుంచి విశాఖ దాకా బస్సులో వెళ్లి తప్పు పెట్టె తెచ్చుకుంటే మళ్లీ తిరగాలి.

ఇంకో మాట. ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ పనిచేయదు. రేపు కార్డు మొరాయిస్తే తెర మీద చీకటే, లోపం ఎక్కడుందో కూడా తెలీదు. కాస్త ఎక్కువైనా ఎఫ్ లేని 12400 తీసుకోమంటాను. డబ్బుల దగ్గర ఇబ్బందైతే వదిలెయ్, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ ఇంట్లో పాత మానిటర్‌కి నీలం రంగు వీజీఏ పిన్నే కదా? కొత్త కార్డులకి అది ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్ కొనుక్కో. వైరు కార్డుకే పెట్టు, బోర్డుకి కాదు. ఇది చూసుకోక "ఏటి మావయ్యా, బొమ్మ రాలేదు" అని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లు నలుగురున్నారు.

యూపీఎస్ కూడా ఒకసారి చూడు. 600 వీఏ అన్నవాటిల్లో చాలావరకు 360 వాట్లే. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే అది మోయలేక ఆఫైపోవచ్చు.

క్యాబినెట్ కొలత, కొనబోయే ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో నాకు పంపు. అవి చూశాకే డబ్బు కట్టు. బిగించేది ఆదివారం పెట్టుకుంటే స్క్రూడ్రైవర్ల సంచీ పట్టుకుని పొద్దున్న బస్సుకి నేనే వస్తాను.

ఇట్లు,
మావయ్య
విజయనగరం