ఆ చొక్కా అమ్మ ఎందుకు ఉతికింది?

ప్రశ్న: నా వయసు 36. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గ్రూపు పుణ్యమా అని ఏడాదికి పైగా మద్యం ముట్టలేదు. గత నెల చెల్లెలి గృహప్రవేశంలో డాబా మీద నలుగురితో కూర్చుని మళ్ళీ తాగాను. మర్నాడూ ఆగలేదు. నా భార్య రెండో కాన్పుకు పుట్టింట్లో ఉంది. అమ్మ తెల్లవారకముందే నా చొక్కా ఉతికేసింది. కోడలు ఫోను చేస్తే 'వాడికి జ్వరం' అంది. ఇప్పుడు తాగడం లేదు. ఏడాది నిండినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళకు ముఖం చూపించలేను. పక్క ఊరి గ్రూపులో ఏమీ చెప్పకుండా కొత్తవాడిలా చేరవచ్చా?
- ఒక సోదరుడు, గుంటూరు జిల్లా

జవాబు: పక్క ఊరు వద్దు. ఈ వారమే మీ గ్రూపుకు వెళ్ళండి. ఏఏ సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. అది ఉండబట్టే మీరు ఉత్తరం రాశారు. ఆ సంస్థను నిలబెట్టిన ఇద్దరిలో ఒకరైన డాక్టర్ బాబ్ కూడా మానేసిన కొద్ది వారాలకే వైద్యుల సదస్సుకని వెళ్ళి ఒళ్ళు తెలియకుండా తాగారు. ఆ తర్వాత ఆయన చివరి గుక్క తాగిన 1935 జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. అలాంటి చోట మిమ్మల్ని వేలెత్తి చూపేదెవరు? ముందు, గ్రూపులో మీకు తోడుగా నిలిచే పాత సభ్యుడైన స్పాన్సర్‌కు ఫోను చేయండి. ఒకరికి చెప్పాక పదిమందిలో నోరు పెగులుతుంది.

నన్ను కలవరపెట్టింది ఆ చొక్కా. తెల్లవారకముందే ఉతికేయాలని, కోడలికి జ్వరమని చెప్పాలని ఆమెకు అంత చప్పున తోచిందంటే ఆ చేతులకు ఆ పని పాతదే. కొడుకు పరువు కాపాడటం తల్లి ధర్మమని ఆమె నమ్మకం. ఇన్నాళ్ళూ ఆ కాపలాలో క్షేమంగా ఉన్నది మీ తాగుడే. రేపు మీ భార్య పసిబిడ్డతో వచ్చాక ఏ బంధువు నోటో ఈ సంగతి వింటే, మీ మీద కోపం ఎప్పటికైనా తగ్గవచ్చు. అత్తగారి మాట మాత్రం ఇక నమ్మదు. ఈ వయసులో కన్నతల్లిని కోడలి ముందు అబద్ధాలకోరుగా నిలబెట్టే హక్కు మీకు లేదు.

అమ్మ దగ్గర కూర్చుని చెప్పండి: "ఇక నా కోసం ఎవరికీ అబద్ధం చెప్పకమ్మా. మళ్ళీ తాగితే కోడలికి నువ్వే ఫోను చేయి." ఆమె ఏడుస్తుంది. ఏడవనివ్వండి, మాట మాత్రం మార్చకండి. తాగేవారి ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ గ్రూపులు ఉన్నాయి. దగ్గరలో ఎక్కడ ఉందో స్పాన్సర్‌ను అడిగి, తొలిసారి మీరే తీసుకెళ్ళి దింపి రండి. చాటుగా కూరలో బిళ్ళలు కలపాలన్న ఆలోచన ఆమెకు రానివ్వకండి. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ లాంటి బిళ్ళ వేసుకున్న సంగతి తెలియక, దాని మీద మద్యం తాగితే ప్రాణం మీదకు వస్తుంది. అది డాక్టరు చెప్పి, మీకు తెలిసి వేసుకోవలసిన మందు.

కాన్పు ముందు భార్యకు ఎందుకీ బెంగ అనుకుంటున్నారేమో. ఫోనులో చెప్పకండి. గ్రూపుకు వెళ్ళిన మర్నాడు బస్సెక్కి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పండి. తాగానని, మళ్ళీ మీటింగుకు వెళ్ళానని రెండూ ఒకేసారి వింటుంది.

రాత్రిపూట తాగాలనిపిస్తే స్పాన్సర్‌ను లేపండి. ఆయన దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. పక్క గదిలోని అమ్మను మాత్రం లేపకండి.