హెవీ మెటల్: వినేవాళ్లకూ వాయించేవాళ్లకూ

హెవీ మెటల్, హార్డ్ రాక్ మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. గిటార్ ధ్వని గురించి అడిగినవాళ్లే ఎక్కువమంది కాబట్టి ఆ జవాబు కాస్త పెద్దది.

ప్రశ్న: చాలాకాలం కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మా అబ్బాయి ఎప్పుడూ హెవీ మెటలే వింటాడు. నాకు అంతా ఒకే రణగొణధ్వనిలా వినిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (రాజమహేంద్రవరం నుంచి ఒక సంగీత ఉపాధ్యాయిని)

జవాబు: మీ స్వరజ్ఞానం మీకు చాలా పనికొస్తుంది. బ్లాక్ సబ్బాత్ బృందం మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అందులో మొదటి పాట వినండి. పాటకూ, ఆల్బమ్‌కూ, బృందానికీ పేరు ఒక్కటే. వాన చప్పుడు, గంట మోత అయ్యాక గిటార్ మూడు స్వరాలు పలుకుతుంది: షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణుంచి దిగి ప్రతి మధ్యమం. పంచమం వస్తుందని చెవి ఎదురుచూస్తుంటే, దానికి ఒక్క మెట్టు కిందే ఆగిపోతుంది. ఆ పాటలో భయమంతా ఆ ఆగడంలో ఉంది. వేగం లేదు, స్వరాల వర్షం లేదు. మెటల్‌లో బరువు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఆ గిటార్ వాయించింది టోనీ అయోమీ. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 17 ఏళ్ల వయసులో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కావడంతో తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు కట్టుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని మూడు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది స్వరాల మెట్ల) మేర దించాడు. తీగ వదులైతే నొక్కడం తేలిక, ధ్వనీ లోతుకు దిగుతుంది. తర్వాత వచ్చిన ఎన్నో బృందాలు శ్రుతి దించడం అక్కణ్ణుంచే నేర్చుకున్నాయి.

తర్వాత ఐరన్ మెయిడెన్ 1982లో చేసిన 'హాలోడ్ బీ దై నేమ్' వినండి. దాని స్వరాలు చాలావరకు నఠభైరవివే. రెయిన్‌బో బృందం 1976 పాట 'స్టార్‌గేజర్'లో గిటార్ సోలో వింటే శుద్ధ రిషభం, అంతర గాంధారం పక్కపక్కన తగిలి మీకు వకుళాభరణం గుర్తొస్తుంది. గిటారిస్టు యంగ్వీ మాల్మ్‌స్టీన్ వేగమంతా ఎక్కువగా కీరవాణి మెట్ల మీదే. అయితే పోలిక మెట్ల వరకే. రాగలక్షణం, జీవస్వరాలు అక్కడ వెతికితే దొరకవు. గమకానికి దగ్గరగా వచ్చేది తీగను పక్కకు లాగే బెండ్ ఒక్కటే. మొదటిసారి పాట మొత్తం వినండి, రెండోసారి డ్రమ్స్ మాత్రమే, మూడోసారి బేస్ గిటార్ మాత్రమే పట్టుకుని వినండి. మూడోసారికి ఆ రణగొణ పొరలు పొరలుగా విడిపోతుంది. డెత్ మెటల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అక్కడ గొంతు కూడా తాళవాద్యంలా పనిచేస్తుంది, దానికి చెవి కొంత అలవాటు పడాలి.

ప్రశ్న: హార్డ్ రాక్‌కీ హెవీ మెటల్‌కీ హద్దు ఎక్కడ? (వరంగల్)

జవాబు: హార్డ్ రాక్‌లో బ్లూస్ ఊపు మిగిలి ఉంటుంది, లయ కొంచెం ఊగుతూ నడుస్తుంది. మెటల్‌లో ఆ ఊపు తగ్గి లయ నిటారుగా, బిగువుగా అవుతుంది, అరచేత్తో తీగను అదిమి కొట్టే పామ్ మ్యూట్ ముందుకొస్తుంది. 1980లోనే వచ్చిన ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్', జూడస్ ప్రీస్ట్ 'బ్రిటిష్ స్టీల్' వెంటవెంటనే వింటే తేడా చెప్పకుండానే తెలుస్తుంది. 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాటలో కార్డుల (కలిపి మోగించే స్వరాల) మధ్య ఉన్న ఖాళీలు గమనించండి. మాల్కమ్ యంగ్ రిథమ్ గిటార్‌లో వక్రీకరణ (డిస్టార్షన్) మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. ఆ ఖాళీలు అంత శుభ్రంగా ఉన్నాయి కాబట్టే తర్వాతి దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

వాయించేవాళ్లకు ఇంకో మాట. డీప్ పర్పుల్ 1972 పాట 'స్మోక్ ఆన్ ద వాటర్'ను చాలామంది మామూలు పవర్ కార్డులతో (షడ్జమం, పంచమం కలిపి), పిక్‌తో (తీగలు మీటే చిన్న పలకతో) వాయిస్తారు. రిచీ బ్లాక్‌మోర్ వాయించింది పక్కపక్క రెండు తీగల మీద నాలుగో స్వరం దూరంలో ఉండే జంటలు, రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి మీటుతూ. అలా వాయిస్తేనే ఆ పాట అసలు ధ్వని వస్తుంది.

ప్రశ్న: చిన్న యాంప్, డిస్టార్షన్ పెడల్ కొన్నాను. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) 10, బేస్ 10, మిడ్ 0 పెట్టాను. గదిలో బాగానే ఉంటుంది కానీ స్నేహితులతో కలిసి వాయిస్తే నా గిటార్ వినిపించదు. ఇంటర్‌ఫేస్‌తో (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెతో) కంప్యూటర్‌లో రికార్డు చేస్తే తేనెటీగల రొదలా వస్తుంది. (గుంటూరు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: రెండు సమస్యలు కలిసిపోయాయి, విడదీద్దాం.

మొదటిది మిడ్, అంటే మధ్యస్థాయి ధ్వని. గిటార్ ఉనికి సుమారు 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మిడ్ సున్నా చేస్తే దాన్నే తీసేసినట్టు. కింది భాగం బేస్ గిటార్‌దీ కిక్ డ్రమ్‌దీ, పై భాగం సింబల్స్‌ది. మీ గిటార్‌కు చోటే మిగలలేదు. ఇలా పెట్టి చూడండి: గెయిన్ 5, బేస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 5. గదిలో ఒంటరిగా ఇది సన్నగా అనిపిస్తుంది, కంగారు పడకండి. బృందంతో వాయించి, అక్కడే సరిచేసుకోండి. గెయిన్ ఎంత చాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పవర్ కార్డు కొట్టి వెంటనే ఆపండి. నిశ్శబ్దం టక్కున రావాలి. బుస వినిపిస్తే గెయిన్ ఇంకా తగ్గించండి. గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా కొట్టిన దెబ్బా గట్టిగా కొట్టిన దెబ్బా ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి, దాంతో రిఫ్‌లో (పదేపదే వచ్చే గిటార్ పలుకులో) పోటు పోతుంది.

ఇంకా బిగువు కావాలంటే గెయిన్ పెంచకుండా, యాంప్‌కు ముందు ఒక ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టండి. దాని డ్రైవ్ సున్నా, లెవెల్ పూర్తిగా, టోన్ సగం. ఆ పెడల్ కింది స్వరాల్ని కోసి మిడ్‌ను ముందుకు తోస్తుంది, కాబట్టి యాంప్‌లోకి వెళ్లే సంకేతం బురదగా ఉండదు. మెటల్ వాయించేవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది. దీనికి పేరున్న మినహాయింపు ఒకటుంది. స్టాక్‌హోమ్ డెత్ మెటల్ బృందాలు బాస్ హెచ్‌ఎం-2 పెడల్‌లో నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పేసేవి. ఎంటూమ్డ్ 1990 ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్'లో వినిపించే రంపపు ధ్వని అదే. ఆ పెడల్‌లో మిడ్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి అక్కడ అది చెల్లింది. మీ పెడల్‌తో అదే చేస్తే అది రాదు.

తర్వాత కుడిచెయ్యి. పామ్ మ్యూట్‌కు అరచేతి అంచు, చిటికెనవేలి వైపుది, తీగ బ్రిడ్జ్‌ను (గిటార్ ఒంటి మీద తీగల్ని మోసే ముక్కను) వదిలే చోటే ఆనాలి. అర సెంటీమీటరు ముందుకు జరిగితే స్వరం చచ్చి తట్టిన చప్పుడే మిగులుతుంది, వెనక్కి జరిగితే మోత ఆగదు. పిక్ 1 మి.మీ. లేదా అంతకంటే మందం ఉండాలి. మెటాలికా 1986 పాట 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ప్రధాన రిఫ్ నిమిషానికి సుమారు 212 బీట్ల వేగంలో నడుస్తుంది, జేమ్స్ హెట్‌ఫీల్డ్ దాన్ని పైనుంచి కిందికి కొట్టే దెబ్బలతోనే వాయిస్తాడు. మీరు 120తో మొదలుపెట్టి, రెండు నిమిషాలు తడబాటు లేకుండా వాయించగలిగాకే 5 చొప్పున పెంచండి. కదలాల్సింది మణికట్టు. మోచెయ్యి బిగుసుకుంటే వేగం పెంచడం ఆపాలి. మణికట్టులో నొప్పి వస్తే ఆ రోజుకు చాలించండి.

రెండో సమస్య, తేనెటీగల రొద. మీరు పెడల్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టి ఉంటారు. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ధ్వనిని బాగా కోసేస్తుంది. ఆ కోత లేకపోతే డిస్టార్షన్ గరగరమంటుంది. కంప్యూటర్‌లో యాంప్ ప్లగిన్ (యాంప్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) తర్వాత స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్, తప్పక పెట్టండి. గిటార్‌ను నేరుగా పెట్టినప్పుడు ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉండాలి. రిథమ్ గిటార్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకూ ఒకటి పూర్తిగా కుడికీ పెట్టండి. ఒకే ట్రాక్‌ను కాపీ చేస్తే వెడల్పు రాదు, ధ్వని కొంచెం పెరుగుతుందంతే. రెండు గిటార్లకూ 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేస్తే బేస్ గిటార్ వచ్చి ఆ చోటు నింపుతుంది, మొత్తం ధ్వని ఇంకా బరువుగా మారుతుంది.

యాంప్ నుంచి వచ్చే హమ్ (గుంయ్‌మనే మోత) గురించి కూడా చెప్పాలి. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గడం మామూలే. కానీ తీగ తాకితే చిన్న షాక్ తగిలితే వెంటనే ఆపేయండి. ఇంటి ప్లగ్‌లో మూడో పిన్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. యాంప్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో ఎప్పుడూ వాడకండి.

ప్రశ్న: గిటార్‌ను డ్రాప్ సికి దించాను. తీగలు వేలాడుతున్నాయి, ఫ్రెట్ల మీద గరగర, కార్డులు అపశ్రుతి. (విశాఖపట్నం)

జవాబు: మామూలు 10–46 సెట్ (అత్యంత సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) ఆ శ్రుతికి సరిపోదు. డ్రాప్ సిలో ఐదు తీగలు రెండు ఫ్రెట్ల మేర, అన్నిటికంటే లావైన ఆరోది నాలుగు ఫ్రెట్ల మేర దిగుతాయి. 11–56 లేదా 12–60 సెట్ వెయ్యండి. డ్రాప్ డి వరకే అయితే 10–52 చాలు.

కొత్త తీగలు వేశాక వరసగా చూడాల్సినవి ఉన్నాయి. లావు తీగ నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో పూర్తిగా కూర్చోకపోతే మొదటి ఫ్రెట్ల మీద శ్రుతి పైకి పోతుంది. గాడిని నట్ ఫైల్‌తో కొద్దికొద్దిగా వెడల్పు చెయ్యాలి, లోతు చెయ్యకూడదు. తర్వాత మెడ వంపు: ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.2 నుంచి 0.3 మి.మీ. సందు ఉండాలి. అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) వదులు చెయ్యాలి, ఎక్కువుంటే బిగించాలి. ఒకసారికి పావు మలుపు మించకండి. చివరగా, పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరాన్ని), నొక్కిన స్వరాన్ని ట్యూనర్‌తో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కను) వెనక్కి, తక్కువ పలికితే నట్ వైపు ముందుకు జరపండి. వరస మారిస్తే చేసిన పని మళ్లీ చెయ్యాల్సి వస్తుంది.

మీ గిటార్‌కు ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద తేలుతూ కదిలేది) ఉంటే తీగల లాగుడు మారగానే బ్రిడ్జ్ వాలిపోతుంది. వెనక మూత తీసి స్ప్రింగులు పట్టిన క్లా స్క్రూలు సరిచేస్తూ, శ్రుతి చేస్తూ, బ్రిడ్జ్ సమాంతరంగా నిలిచేదాకా పోవాలి. ఓపిక కావాలి. తరచూ శ్రుతులు మార్చేవాళ్లకు ఆ బ్రిడ్జ్ మేం సిఫారసు చెయ్యం.

విశాఖ గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తీగల పైనా కిందా తుడిచి, కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి.

ప్రశ్న: మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్‌లో బేస్ గిటార్ వినిపించదు. నా హెడ్‌ఫోన్స్ పాడయ్యాయా? (హైదరాబాద్)

జవాబు: హెడ్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. 1988లో మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన వాద్యాల్ని కలపడం) చేసినప్పుడే జేసన్ న్యూస్టెడ్ బేస్‌ను దాదాపు వినపడనంతగా తగ్గించేశారు. 2018 రీమాస్టర్‌లోనూ అది మారలేదు, ఎందుకంటే రీమాస్టర్ అంటే మిక్స్ అయిపోయిన ధ్వనిని సవరించడమే. ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే కిక్ డ్రమ్ ఉబ్బుతుంది తప్ప బేస్ గిటార్ పైకి రాదు. మళ్లీ మిక్స్ చేస్తేనే వస్తుంది. ఆ ఆల్బమ్ రచన అంత గొప్పది కాబట్టే ఈ లోటు ఇంకా బాధపెడుతుంది.

ప్రశ్న: డెత్ మెటల్ గ్రౌల్ (గుర్రుమనే గొంతుతో పాడటం) సాధన చేస్తే గొంతు నొప్పి, మర్నాడు బొంగురు. (తిరుపతి)

జవాబు: నొప్పి వస్తోందంటే అసలు స్వరతంత్రుల్ని ఒకదానికొకటి రాపాడిస్తున్నారు. గ్రౌల్‌లో ప్రధానంగా కంపించాల్సింది వాటి పైనుండే మడతలు. బరువు ఎత్తేటప్పుడు వచ్చే మూలుగును మెల్లగా, గాలి కలిపి పలికి చూడండి. గొంతులో గరుకు రావాలి, గోకుడు రాకూడదు. మామూలుగా మాట్లాడేంత గట్టిగానే చెయ్యండి. రికార్డుల్లో అంత భీకరంగా వినిపించేది చాలావరకు మైక్ దగ్గరగా ఉండటం వల్లే. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు, ముందు ఐదు నిమిషాలు హమ్మింగ్ చెయ్యండి. మధ్యమధ్యలో నీళ్లు తాగండి. తర్వాత మీ మామూలు గొంతుతో పాట పాడగలగాలి. పాడలేకపోతే పద్ధతి తప్పినట్టే. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: బెంగళూరులో మొదటిసారి మెటల్ కచేరీకి వెళ్తున్నాం. జాగ్రత్తలు? (అనంతపురం నుంచి కొందరు మిత్రులు)

జవాబు: ఇయర్ ప్లగ్స్ తీసుకెళ్లండి, అన్నిటికంటే ముందు అది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే, కచేరీలో ఆ స్థాయి మామూలే. ఫోమ్ ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి తోసి, ఉబ్బేదాకా 20, 30 సెకన్లు పట్టుకోండి. పైపైన పెడితే ప్రయోజనం లేదు. ఫోమ్ ప్లగ్‌తో సింబల్స్ మొద్దుబారుతాయి, సంగీతకారుల కోసం చేసినవైతే అన్ని స్వరాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. కొంచెం ఖరీదైనా కొనండి. స్పీకర్ల దొంతరకు ఎదురుగా నిలబడకుండా సౌండ్ మిక్సర్ బల్ల దగ్గర నిలబడితే ధ్వని పొందికగా ఉంటుంది. మర్నాడు కూడా చెవుల్లో హోరు తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఆ రోజే వెళ్లాలి.

తల ఊపడం మీద కూడా పరిశోధన జరిగింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసం ప్రకారం, హెడ్‌బ్యాంగింగ్ పాటల సగటు వేగం నిమిషానికి 146 బీట్లు. ఆ వేగంలో తల ఊగే కోణం 75 డిగ్రీలు దాటితే తలకు స్వల్ప గాయం అయ్యే ప్రమాదం ఉంది. కోణం తగ్గించండి, లేదా ప్రతి బీట్‌కూ కాకుండా ఒకటి విడిచి ఒకటికి ఊపండి. నడుం నుంచి వంగితే మెడ మీద భారం తగ్గుతుంది. గుంపు తోసుకునే చోట ఎవరైనా కిందపడితే వెంటనే లేపడం అక్కడి ఆచారం, మీరూ పాటించండి.