హారర్ సినిమాల్లో అవే సీన్లు వస్తాయని తెలిసినా ఎందుకు భయపడతాం?

ఊరి చివర పాత బంగళా, సరిగ్గా అప్పుడే కరెంటు పోవడం, అద్దంలో ఇంకో మొహం, కిర్రుమనే తలుపు... ఇవన్నీ ముందే తెలిసినా ఎందుకు ఉలిక్కిపడతాం అని అడిగారు. నా అనుభవంలో దీనికి జవాబు కంటికంటే చెవి దగ్గరే ఉంది.

నేను డిగ్రీ చదివేటప్పుడు అక్క పురిటికి ఇంటికొచ్చింది. పసివాడు లేస్తాడని ఓ రాత్రి టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి ఒక హారర్ సినిమా చూశాను. ఒక్కసారి కూడా భయం వేయలేదు. దెయ్యం వస్తే మేకప్పే కనిపించింది. వారం తర్వాత అదే సినిమాను పట్టపగలు, కిటికీలన్నీ తీసి ఉండగా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. ఏ సీన్ ఎప్పుడొస్తుందో తెలుసు. అయినా మంచం కింద ఏదో ఉన్నట్టు కాళ్లు పైకి లాక్కుని కూర్చున్నాను.

జాన్ కార్పెంటర్ 1978లో తీసిన 'హాలోవీన్'ను సంగీతం కలపకముందు ఒక స్టూడియో మనిషికి చూపిస్తే, ఆమెకు భయమే వేయలేదట. ఆ తర్వాత ఆయనే స్వయంగా సంగీతం కూర్చారు. ఆ పియానో ముక్క ఈరోజుకీ వింటే వెన్నులో చలి పుడుతుంది.

ఇంకో పాత పద్ధతి ఉంది. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటే వెనక ఇంకో ఆడమనిషి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. మనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే బుస్సుమంటూ పక్కన ఆగేది ఒక సిటీ బస్సు. ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఇలాంటి ఉత్తుత్తి భయాన్ని ఇప్పటికీ 'లూటన్ బస్' అనే అంటారు. మన సినిమాల్లో అటక మీంచి దూకే పిల్లి ఆ బస్సుకు చుట్టమే. "ఓస్, పిల్లేనా" అని మనం కుదుటపడిన క్షణంలోనే అసలుది వస్తుంది.

ఈ మధ్య చాలా సినిమాలు ఆ నిశ్శబ్దాన్ని వదిలేసి ఢామ్మనే శబ్దాన్ని మాత్రమే ఉంచుకున్నాయి. నాకు అది బాధగా ఉంటుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడతాం, నిజమే. కానీ ఇంటికెళ్లాక రాత్రి మంచినీళ్లకు లేవాలంటే భయం వేయదు.

మీకు మరీ భయమేస్తే కళ్లు మూసుకోకండి, చెవులు మూసుకోండి. కళ్లు మూస్తే మిగిలేది శబ్దమే, దానికి తగ్గ బొమ్మను మన మనసే గీసుకుంటుంది. మా అక్కకు ఇది ఎన్నిసార్లు చెప్పినా చున్నీ మొహానికి కప్పుకుని, "వెళ్లిపోయిందా?" అని నన్నే అడుగుతుంది.