కడగకండి, ముందు తూచండి

ప్రశ్న: అయ్యా, మా అత్తగారు పోయాక ఆవిడ ట్రంకు పెట్టెలో మరచెంబు నిండా దొరల కాలపు వెండి రూపాయలు కనిపించాయి. విక్టోరియా రాణివి, జార్జి రాజులవి కలగలిసి ఉన్నాయి. బాగా నల్లబడ్డాయి. చింతపండు పెట్టి తోమితే మంచి ధర వస్తుందా? ఇక్కడి వెండి కొట్లో అన్నిటికీ ఒకే రేటన్నారు.
- ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: చింతపండును చారుకే ఉంచండమ్మా. ఆ నలుపు గాలిలోని గంధకం తగిలి వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన పొర. నాణేలు సేకరించేవాళ్లు దాన్ని చూసి ముచ్చటపడతారు. తోమిన రూపాయి తళతళలాడుతుంది కానీ, భూతద్దం కింద పెడితే ఒళ్లంతా సన్నని గీతలే. అవి పడ్డాక దానికి వచ్చేది వెండి ధర మాత్రమే.

ముందు సంవత్సరాలు చూసి వేరు చేయండి. 1939 వరకు ఉన్న రూపాయల్లో నూటికి 91.7 పాళ్లు వెండి. తూకం 11.66 గ్రాములు, అందులో వెండి సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు యుద్ధం పుణ్యమా అని వెండిని సగానికి దించేశారు. తూకం అదే, వెండి 5.83 గ్రాములే. 1947 నాటివి అచ్చంగా నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటాయి. నేను బరంపురంలో వెండి త్రాసుల మధ్యే ముసలివాణ్ణయ్యాను. అన్నిటికీ ఒకే రేటన్న వ్యాపారికి ఈ తేడా తెలియదంటే నమ్మను. మంచి వెండిని సగం వెండి ధరకు కలిపేసుకోవడం బజారులో పాత విద్యే.

ఇక అరుగుదల. ఐదో జార్జి రూపాయి మీద ఆయన ఛాతీ దగ్గర చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం, కాళ్లు విడివిడిగా తెలుస్తుంటే ఆ నాణెం పెద్దగా చేతులు మారలేదన్నమాట. ముద్దగా మిగిలితే బాగా అరిగిందని అర్థం. అన్నట్టు, 1911 నాటిది ఉందేమో వెతకండి. ఆ ఏడాది ఏనుగు కాస్తా పందిలా కనిపిస్తోందని జనం గోల పెడితే 1912 నుంచి బొమ్మ సరిచేశారు. రాణిగారి రూపాయిలో చెవి మీది జుట్టు పాయలు, దుస్తుల మీది పూల పని ముందుగా అరుగుతాయి.

పాతదైనంత మాత్రాన ఖరీదు రాదు. 1862 అని ఉన్నవి కోకొల్లలు. ఆ అంకె మార్చకుండానే పదేళ్లకు పైగా అచ్చు వేస్తూ పోయారు మరి. దానికంటే ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన 1939 ఆరో జార్జి రూపాయి దొరకడమే గగనం. అందుకే 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసే ఘనులున్నారు. చివరి అంకె చుట్టూ గీకినట్టుంటే పక్కన పెట్టేయండి.

మన కొరాపుట్, రాయగడ వైపు ఆడవాళ్లు రూపాయల దండలు వేసుకునేవారు కదా. అంచున టంకం మచ్చ గానీ, పూడ్చిన చిల్లు గానీ ఉన్నవాటిని వెండి లెక్కన అమ్ముకోవలసిందే. మీ చెంబులో అలాంటివి ఉంటే వాటితోనే బేరం మొదలుపెట్టండి. కొట్టువాడి నిజాయితీ తెలిసిపోతుంది.

ప్రశ్న: పట్టాళంలో పనిచేసిన మా తాతగారు దాచిన ఇంగ్లండు అర్ధ క్రౌను బిళ్లలు రెండున్నాయి. ఒకటి 1917, ఒకటి 1921. రెండోది పసుపు తేలింది. దొంగదా?
- ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: అంత తొందరపడకండి. ఇంగ్లండులో 1919 వరకు 92.5 పాళ్లున్న వెండిని 1920లో 50కి తగ్గించారు. తొలి ఏళ్ల మిశ్రమం అంత బాగా కుదరలేదు, అరిగే కొద్దీ అలా రంగు తేలుతుంది. రెండూ తూచి చూడండి. కొత్తలో 14.14 గ్రాములుండాలి, అరిగినందుకు కాస్త తగ్గుతాయి. బాగా తగ్గితే అప్పుడు అనుమానించండి.

ప్రశ్న: 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అణా, మీద రామ పట్టాభిషేకం. బియ్యపు గింజలను లాక్కుంటోంది. ఐదు లక్షలంటున్నారు. కొనవచ్చా?
- ఒక రైతు, సిరొంచ

జవాబు: ఆ బొమ్మతో కంపెనీ అణాలు అచ్చు వేయనేలేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్లలో అయస్కాంతం పెడితే లాగక ఏం చేస్తుంది? బయానా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ పేజీ ఇక్కడే మడిచి పోలీసు స్టేషనుకు వెళ్లండి.